తలారి నుంచి మోషన్ సెన్సర్ దాకా: బమ్రోలి కిటికీ దగ్గర ఒక చరిత్ర పాఠం

సూరత్ నగరానికి దక్షిణాన ఉధనా, పాండేసరా పారిశ్రామిక వాడలను ఆనుకుని బమ్రోలి ఉంటుంది. నగరం పెరుగుతూ తనలో కలుపుకున్న ఊళ్లలో ఇదొకటి. 2006లో సూరత్ నగరపాలక సంస్థ పరిధి 112 చదరపు కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 326 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. ఈ ప్రాంతంలో పవర్‌లూమ్ షెడ్లు, వాటి మధ్య ఇరుకు గదులు, గదుల్లో వలస కార్మికులు. ఒడిశాలోని గంజాం నుంచి, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి భివండీ, షోలాపూర్, సూరత్‌లకు మగ్గం వెంట వెళ్లిన పద్మశాలీల చరిత్ర మనకు తెలిసిందే. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడిపిందంటే అక్కడ మనవాళ్ల సంఖ్య ఎంతో ఊహించవచ్చు.

ఇలాంటి చోట ఇంటి భద్రత అనగానే వచ్చే మొదటి చిక్కు కిటికీ. గదికి ఉండేది ఒకటే. మూస్తే ఉక్క, తెరిస్తే భయం. మగ్గాల మీద 12 గంటల షిఫ్టులు మామూలు కాబట్టి రాత్రి పనికి వెళ్లినవాడి గది రాత్రంతా ఖాళీ. దీపావళికి మగ్గాలు ఆగితే వీధికి వీధే తాళాలు. అందుకే కొన్ని వందల రూపాయలకు దొరికే తెల్లటి చిన్న డబ్బా, అంటే మోషన్ సెన్సర్, కిటికీ పక్కన బిగించుకుంటే సరిపోతుందా అనే ప్రశ్న ఇప్పుడు పెద్ద అపార్ట్‌మెంట్లకే పరిమితం కాదు.

ఈ ప్రశ్నను టెక్నాలజీ ప్రశ్నగా చదివితే రెండు పేజీల్లో అయిపోతుంది. చరిత్ర ప్రశ్నగా చదివితే చాలా లోతుకు వెళ్తుంది. ఎందుకంటే ఇంటి కాపలాలో ఎప్పుడూ మూడు వేర్వేరు పనులు ఉన్నాయి: దొంగను గమనించడం, గమనించాక అక్కడికి రావడం, సొమ్ము పోతే జవాబు చెప్పడం. ఒకప్పుడు ఈ మూడూ ఒకే మనిషి మీద ఉండేవి. ఇప్పుడు మొదటిది యంత్రం చేతిలోకి పోయింది, రెండోది పోలీసుల చేతిలో ఉంది, మూడోది ఎవరి చేతిలోనూ లేదు. ఈ విడిపోవడం ఎలా జరిగిందో చూద్దాం.

గోడకు కన్నం, కిటికీకి ఊచలు

మన భాషలో దొంగతనానికి ఉన్న పాత మాట "కన్నం వేయడం". కిటికీ దూకడం కాదు, గోడ తవ్వడం. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేసే ఘట్టం మూడో అంకంలో వస్తుంది. ఆ కన్నం ఏ ఆకారంలో ఉండాలో అతను శాస్త్రజ్ఞుడిలా ఆలోచిస్తాడు, కొలత తాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. నవ్వు తెప్పించే ఘట్టమే అయినా చరిత్ర విద్యార్థికి ఇందులో ఒక ఆధారం ఉంది. మట్టి గోడల, పచ్చి ఇటుకల కాలంలో ఇంటికి బలహీనమైన చోటు గోడే.

అప్పటి కిటికీ చిన్నది, ఎత్తున ఉండేది. సంస్కృతంలో వాతాయనం అంటే గాలి వచ్చే దారి, గవాక్షం అంటే ఎద్దు కన్ను. పేర్లలోనే దాని పని, దాని కొలత తెలిసిపోతాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం మూడో అధికరణంలో ఇళ్ల నిర్మాణం గురించి చెబుతూ వెలుతురు కోసం పెట్టే చిన్న కిటికీ ఎత్తున ఉండాలంటుంది. పక్కింటివాళ్లకు ఇబ్బంది కలిగేలా తలుపూ కిటికీ పెడితే జరిమానా కూడా ఉంది. మన మండువా ఇళ్లు వెలుతురును వీధి వైపు నుంచి కాకుండా ఇంటి నడుమ నుంచి తెచ్చుకున్నాయి. వీధి వైపు అరుగు మీద మనుషులు కూర్చునేవాళ్లు. అరుగు ఎంత మర్యాద స్థలమో అంత కాపలా స్థలం కూడా. వీధిలో అపరిచితుడు నడిస్తే నాలుగు జతల కళ్లు చూసేవి.

1860 నాటి భారత శిక్షాస్మృతి ఈ పాత కాలానికీ కొత్త కాలానికీ మధ్య నిలబడి ఉంది. సెక్షన్ 445లో ఇల్లు ఛేదించడం అనే నేరానికి ఇచ్చిన ఉదాహరణల్లో మొదటిది గోడకు రంధ్రం చేసి చెయ్యి లోపలికి పెట్టడం. కిటికీలోంచి ప్రవేశించడం ఆ తర్వాత వచ్చే ఉదాహరణల్లో ఒకటి. సెక్షన్ 446 సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య జరిగే ఛేదనను వేరుగా నిర్వచించింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఈ విషయాలు 330, 331 సెక్షన్లలోకి వచ్చాయి. ప్రిలిమ్స్ రాసేవాళ్లు ఈ పాత, కొత్త నంబర్ల జతను గుర్తుంచుకోవాలి.

ఇటుక, సిమెంటు గోడలు సామాన్యుడి దాకా వచ్చాక కన్నం వేయడం కష్టమైంది. దాంతో దొంగ చూపు గోడ మీద నుంచి కిటికీ మీదకు, గ్రిల్లు మీదకు, వెనక తలుపు గొళ్లెం మీదకు మారింది. భాషలో మాత్రం ఇంకా కన్నమే మిగిలింది.

సూరత్ గోడలు ఎవరిని కాపాడాయి?

బమ్రోలి దగ్గరి పెద్ద నగరం సూరత్‌కు భద్రత గురించి చాలా చేదు అనుభవం ఉంది. పోర్చుగీసు దాడుల తర్వాత 16వ శతాబ్దం మధ్యలో గుజరాత్ సుల్తానుల కాలంలో ఖుదావంద్ ఖాన్ తాపీ ఒడ్డున కోట కట్టించాడు. కోట బలమైనదే. నగరం చుట్టూ మాత్రం సరైన గోడ లేదు. 1664 జనవరిలో శివాజీ సైన్యం వచ్చినప్పుడు మొఘల్ అధికారి ఇనాయత్ ఖాన్ కోటలోకి వెళ్లి తలుపులు మూసుకున్నాడు. వీర్జీ వోరా లాంటి ఆ కాలపు మహా సంపన్న వర్తకుడి ఇల్లూ లూటీ అయింది. సైనికులను పోషించడానికి వచ్చిన డబ్బును ఈ అధికారి తానే మింగాడని సమకాలీన ఇంగ్లీషు వర్ణనల్లో ఆరోపణ ఉంది. జార్జ్ ఆక్సెండెన్ నాయకత్వంలో ఇంగ్లీషు ఫ్యాక్టరీ మాత్రం తన సొంత మనుషులతో తనను కాపాడుకుంది. 1670లో రెండోసారి దాడి జరిగింది. మొదటి దాడి తర్వాతే ఔరంగజేబు ఆదేశంతో నగరానికి ఇటుక గోడ మొదలైంది. 18వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో బయటి గోడ వచ్చింది. లోపలిది షహర్‌పనా, బయటిది ఆలంపనా.

ఈ ఘట్టాన్ని శివాజీ అధ్యాయంలో మరాఠా ఆర్థిక వనరుల కోణంలోనే చదువుతాం. భద్రత కోణంలో చదివితే కనిపించేది వేరు. పన్నులు కట్టిన నగరం గోడ లేకుండా ఉంది, కాపాడాల్సినవాడు కోటలో ఉన్నాడు, సొంత కాపలా పెట్టుకోగలిగినవాళ్లే బయటపడ్డారు. ప్రైవేటు భద్రత అనే ఆలోచన నిన్న మొన్నటిది కాదు.

కావలి: పోయిన సొమ్ముకు జవాబు చెప్పినవాళ్లు

ఇప్పుడు మన వైపు వద్దాం. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాల్లో "మహాతలవర" అనే బిరుదు కనిపిస్తుంది. 3, 4 శతాబ్దాల నాటి ఆ మాట పెద్ద సామంత హోదాను సూచిస్తుంది. తలవరి, తలారి అనే మాటలు దీనికి సంబంధించినవేనని పండితులు భావిస్తారు. అంత గొప్ప బిరుదు కాలక్రమంలో ఊరి కాపలావాడి పేరైంది. ఒక మాట ఇలా మెట్లు దిగడం పరిపాలన చరిత్రకు మంచి సాక్ష్యం. తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్నవాళ్లు అర్థపరిణామం కింద కూడా దీన్ని వాడుకోవచ్చు.

తలారికి జీతం ఉండేది కాదు. మాన్యం ఉండేది, కళ్లంలో ధాన్యం రాశి నుంచి మేర ఉండేది. దానికి బదులు రాత్రి గస్తీ, పంట కాపలా, కొత్త మనుషుల మీద చూపు అతని పనులు. ఇంకా ముఖ్యమైన షరతు మరొకటి ఉంది. దక్షిణ భారతంలో కావలి అనే ఏర్పాటులో కాపలా బాధ్యత తీసుకున్నవాడు దొంగను పట్టుకోలేకపోతే పోయిన సొమ్ము తాను కట్టివ్వాలి. గుజరాత్‌లో అడుగుజాడలు పట్టే "పగీలు" ఉండేవాళ్లు. దొంగ అడుగుజాడ ఏ ఊరి పొలిమేరలో ఆగిపోతే ఆ ఊరు జవాబు చెప్పాల్సి వచ్చేది. అర్థశాస్త్రం నాలుగో అధికరణంలోనూ ఇదే తర్కం. ఊళ్లో బస చేసిన వర్తకుల సొమ్ము పోతే గ్రామ పెద్ద, ఊళ్ల మధ్య పోతే వివీతాధ్యక్షుడు, అతని పరిధి దాటితే చోరరజ్జుకుడు కట్టివ్వాలి. మూడు పేర్లు కష్టమే గానీ, ప్రతి జాగాకూ ఒక జవాబుదారు ఉన్నాడన్న సూత్రం తేలిక.

ఇదంతా రామరాజ్యం అనుకోవద్దు. కావలి రుసుం చాలా చోట్ల బెదిరింపు వసూలుగా మారింది. కావలి ఇవ్వని ఊరు మర్నాడే దోపిడీకి గురయ్యేది. కంచే చేను మేసింది. రాయలసీమ పాళెగాళ్ల బలానికి ఈ కావలి హక్కు ఒక ఆధారం. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాళెగాళ్లను అణచాడు. కానీ ఊరి తలారిని మాత్రం పూర్తిగా తీసేయలేదు. కారన్‌వాలీస్ బెంగాల్‌లో తెచ్చిన దరోగా పద్ధతి మద్రాసుకు సరిపడదని మన్రో వాదం. 1816 నాటి 11వ రెగ్యులేషన్ గ్రామ పెద్దకు పోలీసు అధికారం ఇచ్చి తలారిని అతని కింద ఉంచింది. మెయిన్స్‌లో మన్రో అంటే రైత్వారీ ఒక్కటే రాస్తాం. పోలీసు వ్యవస్థలో గ్రామాన్ని నిలబెట్టిన మన్రో గురించి రెండు వాక్యాలు చేర్చితే సమాధానం బరువు పెరుగుతుంది.

1855లో మద్రాసు చిత్రహింసల కమిషన్ నివేదిక వచ్చింది. పన్ను వసూలు, పోలీసు అధికారం ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో అందులో బయటపడింది. 1859లో మద్రాసు 24వ చట్టంతో జీతం తీసుకునే, యూనిఫాం వేసుకునే పోలీసు దళం వచ్చింది. 1861లో భారత పోలీసు చట్టం. బొంబాయి ప్రెసిడెన్సీలో గ్రామ పోలీసు చట్టం 1867లో. ఈ మార్పులో మంచి ఉంది. నియమావళి, పై అధికారి, న్యాయస్థానం వచ్చాయి. కానీ ఒకటి చప్పుడు లేకుండా పోయింది. పోయిన సొమ్ము కట్టివ్వాల్సిన బాధ్యత కొత్త పోలీసుకు లేదు. నమోదు చేయడం, దర్యాప్తు చేయడం, దొరికితే కోర్టు ద్వారా అప్పగించడం అతని పని. ఇంటివాడి నష్టం ఇంటివాడిదే అయింది.

మన రాష్ట్రంలో 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. తలారులు, వెట్టివాళ్లు గ్రామ సేవకులుగా కొనసాగి తర్వాత వీఆర్‌ఏలయ్యారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లను ఇతర శాఖల్లో సర్దుబాటు చేస్తూ ఉత్తర్వులిచ్చింది. మహాతలవరుడితో మొదలైన మాట ఆ ఉత్తర్వులతో ప్రభుత్వ కాగితాల్లోంచి దాదాపుగా తప్పుకుంది.

ఎవరి మీద నిఘా?

కాపలా చరిత్రలో ఇంకో సగం ఉంది. చాలా వ్యాసాలు దీన్ని వదిలేస్తాయి. ఎవరిని కాపాడాలి అనే ప్రశ్న వెంటే ఎవరిని అనుమానించాలి అనే ప్రశ్న నడుస్తుంది.

1871 నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే మనిషిని దొంగగా రాసిపెట్టింది. 1911 సవరణతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. పేర్లు నమోదు, వేలిముద్రలు, రోజువారీ హాజరు, అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్న ఆంక్ష. గుంటూరు సీమలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన స్టువర్టుపురం ఇందులోంచి వచ్చిందే. హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు దానికి పెట్టారు. గుజరాత్‌లో అహ్మదాబాద్ ఛారానగర్‌ది అలాంటి కథే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. వాళ్లు విముక్త జాతులయ్యారు. అయినా స్టువర్టుపురం అనే పేరు సినిమాల్లో, కబుర్లలో ఇంకా దొంగల ఊరుగానే వినబడుతుంది. ఒక చట్టం 81 ఏళ్లు నడిచి పోయింది, అది వేసిన మచ్చ మాత్రం 70 ఏళ్లు దాటినా పోలేదు.

బమ్రోలిలాంటి చోట ఈ చరిత్ర వేరే రూపంలో కనిపిస్తుంది. అద్దెకు దిగిన ప్రతి మనిషి వివరాలూ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలని అనేక నగరాల కమిషనర్లు ఉత్తర్వులిస్తుంటారు. భద్రత దృష్ట్యా దానికి కారణం ఉంది. కానీ 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కూడా నమోదునే కోరింది. అది కార్మికుడి కూలి, ప్రయాణ భత్యం, వసతి కోసం. అనుమానం కోసం చేసే నమోదు చురుగ్గా సాగుతుంది, హక్కు కోసం చేయాల్సిన నమోదు నత్తనడక నడుస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో కార్మికులు ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పలేని స్థితి ఎందుకు వచ్చిందో ఇక్కడే అర్థమవుతుంది. వలస కార్మికుడు ఇంటి భద్రత కథలో దొంగగానో అనుమానితుడిగానో వస్తాడు తప్ప, దొంగతనానికి గురయ్యే ఇంటివాడిగా ఎందుకు రాడు? నెల జీతం, ఊరికి పంపాల్సిన డబ్బు, ఒక ఫోను, భార్య పుస్తెలు. పెద్ద బంగళాలో పోయే సొమ్ముతో పోలిస్తే చిన్నదే, అతనికి మాత్రం అది ఏడాది కష్టం.

కిటికీకి తీగ కట్టినవాళ్లు

యంత్రం ఎప్పుడు వచ్చింది? 1853లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో అగస్టస్ పోప్ విద్యుత్ దొంగ గంటకు పేటెంట్ తీసుకున్నాడు. అందులో తలుపులకూ కిటికీలకూ తీగలు కలిపారు. తెరిస్తే వలయం పూర్తవుతుంది, అయస్కాంతం కదులుతుంది, సుత్తి గంటను కొడుతుంది. ఆ హక్కు కొన్న ఎడ్విన్ హోమ్స్ దాన్ని బోస్టన్, న్యూయార్క్‌లలో వ్యాపారంగా మార్చాడు. ఇళ్ల తీగలను ఒక కేంద్ర కార్యాలయానికి కలిపాడు. గంట ఇంట్లో మోగడం కన్నా మనుషులున్న చోట మోగడం ముఖ్యమని అతను గ్రహించాడు. ఈ కథలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శామ్యూల్ బాగ్నో అతిధ్వని తరంగాలతో కదలికను పట్టే పరికరం చేశాడు. డాప్లర్ సూత్రం గుర్తుంది కదా, అదే. 1960లలో న్యూయార్క్ క్వీన్స్‌లో నర్సుగా పని చేసే నల్లజాతి మహిళ మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్, భర్తతో కలిసి తలుపు దగ్గర కెమెరా, లోపల తెర ఉండే ఏర్పాటును రూపొందించింది. ఆమె పని వేళలు వేళకాని వేళలు, తమ పేటకు పోలీసులు ఆలస్యంగా వస్తారని ఆమె అనుభవం. 1969 డిసెంబరులో పేటెంట్ వచ్చింది. షిఫ్టు పని, ఆలస్యంగా వచ్చే పోలీసులు: క్వీన్స్‌కూ బమ్రోలికీ దూరం అంత ఎక్కువేమీ కాదు.

ఇప్పుడు మార్కెట్లో చవగ్గా దొరికే మోషన్ సెన్సర్లలో ఎక్కువ భాగం పీఐఆర్ రకం. సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్ కోసం దీని పని తీరు కొంచెం ఆగి చూద్దాం. ఇది ఏ కిరణాన్నీ పంపదు. మనిషి ఒంటి వేడి నుంచి వెలువడే పరారుణ కిరణాలను, ముఖ్యంగా 10 మైక్రాన్ల ప్రాంతంలోని తరంగాలను అందుకుంటుంది. లోపల పైరోఎలక్ట్రిక్ పదార్థంతో చేసిన రెండు భాగాలు ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి ఉంటాయి. గది మొత్తం వేడెక్కితే రెండూ సమానంగా స్పందించి రద్దవుతాయి. మనిషి అడ్డంగా నడిస్తే ముందు ఒకదానికి, తర్వాత రెండోదానికి వేడి తగులుతుంది. ఆ తేడాయే సంకేతం. ముందున్న తెల్లటి ప్లాస్టిక్ మూత ఫ్రెనెల్ కటకం, గదిని వరసలుగా విడగొట్టేది అదే.

ఇందులోంచే కిటికీ దగ్గర వచ్చే చిక్కులన్నీ పుడతాయి. మామూలు గాజు ఈ పొడవాటి పరారుణ తరంగాలను దాటనివ్వదు. కాబట్టి లోపల పెట్టిన పీఐఆర్ గాజు అవతల నిలబడ్డ మనిషిని చూడలేదు, వాడు లోపలికి అడుగు పెట్టాకే చూస్తుంది. సెన్సర్‌ను నేరుగా కిటికీ వైపు తిప్పితే ఎండ పడి వేడెక్కిన పరదా గాలికి ఊగినప్పుడు తప్పుడు అలారం మోగవచ్చు. పైగా పీఐఆర్ తన వైపు నేరుగా వచ్చేవాడి కన్నా తన ముందు అడ్డంగా వెళ్లేవాడిని బాగా పడుతుంది. అందుకని కిటికీ ఉన్న గోడ మూలలోనే, సుమారు రెండు మీటర్ల పైచిలుకు ఎత్తులో, కిటికీ పక్కగా చూసేలా బిగిస్తారు. కిటికీలోంచి దిగినవాడు దాని చూపును అడ్డంగా దాటక తప్పదు. సన్నని తెరలా మాత్రమే చూసే కర్టెన్ రకం పీఐఆర్‌లు ఇందుకే వచ్చాయి. రెక్కకు అయస్కాంతపు రీడ్ స్విచ్ పెడితే రెక్క తెరవగానే తెలుస్తుంది, పోప్ తీగకు అది మునిమనవడు. కానీ గాలి కోసం కిటికీ తెరిచే ఉంచుకునే ఇంట్లో ఆ స్విచ్‌కు పనే లేదు.

వేసవిలో ఇంకో సంగతి. పీఐఆర్ పట్టేది మనిషి వేడిని కాదు, మనిషికీ పరిసరాలకీ మధ్య వేడి తేడాను. రేకుల కప్పు కింద గది 36, 37 డిగ్రీలకు చేరితే ఆ తేడా దాదాపు మాయమవుతుంది, సెన్సర్ మందగిస్తుంది. చల్లటి దేశాల్లో రాసిన వాడుక పుస్తకంలో ఇంత దూరం పట్టే సెన్సర్ రామగుండం మేలో అంతే దూరం పట్టకపోవచ్చు. మంచి రకాలు ఉష్ణోగ్రతను బట్టి సున్నితత్వాన్ని సర్దుకుంటాయి, చవక రకాలు సర్దుకోవు. సరేనని మైక్రోవేవ్ రకం కొంటే అది గాజునూ పల్చటి గోడనూ దాటి సందులో పోయేవాడినీ పట్టేస్తుంది. గాజు పగిలే కంపనాన్ని పట్టే సెన్సర్ పెడదామంటే పక్క షెడ్డులో మగ్గాల అదురు ఉండనే ఉంది. దానికి తోడు కటకం మీద పాకే బల్లి, గూట్లో పావురం, ఇంటి పిల్లి. రోజుకు నాలుగు సార్లు ఉత్తుత్తిగా మోగే గంటను ఐదో రోజు ఇంటివాళ్లే ఆపేస్తారు.

తాళం వేసిన ఇల్లు, దూరంలో మోగే గంట

హోమ్స్ గ్రహించిన విషయాన్ని ప్రభుత్వ స్థాయిలో అమలు చేసిన ఉదాహరణ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఆ రాష్ట్ర పోలీసులు తెచ్చిన లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, ఎల్‌హెచ్‌ఎంఎస్, ఊరెళ్లే ఇంటివాళ్ల కోసం. యాప్‌లో నమోదు చేసుకుని ఫలానా తేదీల్లో ఇంట్లో ఉండమని చెబితే పోలీసులు వచ్చి ఇంట్లో కెమెరా అమర్చి వెళ్తారు. లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూమ్‌కు హెచ్చరిక పోతుంది, దగ్గర్లోని సిబ్బందిని పంపుతారు. గమనించడం, రావడం అనే రెండు పనులను ఇది మళ్లీ ఒక తాడుకు కట్టింది. "దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయి" అన్న సామెతకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు అనుకోవచ్చు. మూడో పని, అంటే కట్టివ్వడం, ఇందులోనూ లేదు. స్మార్ట్‌ఫోన్, సొంత చిరునామా, ముందే చెప్పగల ప్రయాణం ఉన్నవాళ్లకు ఇది బాగా అందుతుంది. ఎనిమిది మంది వంతుల మీద పడుకునే గదిలో తాళం పడేదే అరుదు. అక్కడ దొంగ కిటికీలోంచి రానక్కర్లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడే పట్టలేనప్పుడు పీఐఆర్ ఏం పడుతుంది?

వీధి కెమెరాల వైపు చట్టం ఇంకా ముందుకు పోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే సంస్థల్లో సీసీ కెమెరాలు తప్పనిసరి చేసింది. హైదరాబాద్‌లో "నేను సైతం" పేరుతో కాలనీలవాళ్లే చందాలు వేసుకుని కెమెరాలు పెట్టుకున్నారు. సూరత్‌లోనూ 2013లో సేఫ్ సిటీ ప్రాజెక్టు మొదలైంది, గుజరాత్ 2022లో ఇలాంటి ప్రజా భద్రత చట్టమే చేసింది. వీటికి ఎదురుగా 2017 ఆగస్టు 24 నాటి పుట్టస్వామి తీర్పు ఉంది, గోప్యత ప్రాథమిక హక్కు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాల కోసం వాడుకునే డేటాకు వర్తించదు. అంటే మీ కిటికీ మీది కెమెరా ఎదురింటి కిటికీలోకి చూస్తుంటే ఆ ఇల్లాలికి ఈ చట్టం నుంచి దొరికే సాయం తక్కువ. పక్కింటివాళ్లకు ఇబ్బంది కలిగించే కిటికీకి జరిమానా వేసిన కౌటిల్యుడు ఈ ఒక్క విషయంలో మనకన్నా స్పష్టంగా ఉన్నాడు.

ఈ కోణంలో పీఐఆర్‌కు ఒక గుణం ఉంది. అది ముఖాన్ని చూడదు. ఎవరో కదిలారని చెబుతుంది, ఎవరని చెప్పదు. ఎవరు ఎప్పుడు నిద్రపోయారో, ఏ మతం బట్టలు వేసుకున్నారో, ఎవరిని గదికి తెచ్చుకున్నారో రికార్డు చేయదు. పదిమంది ఉండే గదుల్లో, ఒంటరి మహిళలుండే హాస్టళ్లలో కెమెరా కన్నా ఈ గుడ్డి సెన్సరే మేలని నేననుకుంటాను. తక్కువ తెలుసుకోవడం కూడా ఒక భద్రతే. నేరస్థ జాతుల రిజిస్టర్లు చదివినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఇక బమ్రోలి గదికి వస్తే, రాత్రి షిఫ్టులో ఉన్నవాడి ఫోనుకు అలారం వచ్చిందనుకుందాం. మగ్గాల మోతలో గంట వినపడదు. జేబులో ఫోను అదిరినా, కాళ్ల కింద నేల అంతకన్నా గట్టిగా అదురుతుంటుంది. కాబట్టి అక్కడ అలారం పెట్టుకునేవాళ్లు హెచ్చరిక వెళ్లే రెండో నంబరుగా పగటి షిఫ్టు ముగించుకుని పక్క గదిలో పడుకున్న మనిషి నంబరు ఇవ్వాలి. గది తాళం చెవి ఒకటి అతని దగ్గర ఉంచాలి. 112కు ఫోన్ చేసినప్పుడు షెడ్డు నంబరు, సందు గుర్తు ఏం చెప్పాలో హిందీలో, గుజరాతీలో ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించాలి. పాత తలారికి ఇచ్చిన మేర లాంటిది ఆ పక్క గది మనిషికి ఏమిస్తారన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకునే సంగతి.

సాధన ప్రశ్న (250 పదాలు): "వలస పాలనలో పోలీసు వ్యవస్థ ఏర్పాటు గ్రామ కాపలాలోని దౌర్జన్యంతో పాటు దాని జవాబుదారీతనాన్ని కూడా తొలగించింది." 1816 మద్రాసు రెగ్యులేషన్, 1859 మద్రాసు పోలీసు చట్టం, 1871 నేరస్థ జాతుల చట్టం ఆధారంగా చర్చించండి.